సైకిలు గాలీ, మామ బరువూ

ఆ రోజుల్లో మా వైపు మనుషులు ఆస్తి ఎంతో అడిగితే చెప్పేవాళ్లు గానీ, ఒంటి బరువు ఎంతో చెప్పేవాళ్లు కాదు. చెబితే దిష్టి తగులుతుందని భయం. మా మేనమామ విషయంలో ఆ భయం మరీ ఎక్కువ. ఆయన భారీ మనిషి (ఇప్పుడు రాయొచ్చు, ఆయనా లేడు, అత్తా లేదు). పొరుగాయన ఒకసారి బాగున్నావన్నందుకు అత్త వారం రోజులు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది.

నాకు మీసాలు మొలుస్తున్న వయసులో డోన్ స్టేషన్‌లో గుమాస్తా పని ఒకటి ఖాళీ అయింది. అది ఇప్పించగల అధికారి మామకు తెలిసినవాడు. ఆయన మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయేలోగా మామ నన్ను తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాలి. మా ఊరికి బస్సు లేదు, ఉన్నదల్లా సైకిలు సాయిబు బాడిగ సైకిలు. నలుగురి కళ్లూ పడతాయని మామను ఇంట్లోనే కూర్చోబెట్టి అత్తే నాతో అంగడికి వచ్చింది. వెనక కూర్చునే మనిషి ఎంత బరువుంటాడని సాయిబు అడిగాడు. బరువు మనిషైతే గాలి గట్టిగా కొట్టాలట, బక్కవాళ్లకు అలా కొడితే రాళ్లబాటలో నడుములు విరుగుతాయట.

"బరువేముండాదప్పా, ఇంత మజ్జిగ తాగి బతకతాండాడు. ఈ పిల్లోని మాదిరే అనుకో," అంది అత్త.

సాయిబుకు మామ ఆకారం తెలియదా అంటే తెలుసు. తెలుసని పైకి అనే ధైర్యం ఊళ్లో ఎవరికుంది? నేను నోరు తెరవబోయాను, అత్త నావైపు చూసింది. నా ఉద్యోగం మామ చేతిలో, మామ అత్త చేతిలో. సాయిబు గాలి మెత్తగా కొట్టి ఇచ్చాడు.

సగం దారిలో వెనక చక్రం ఒక రాయి మీద పడింది. రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి ట్యూబు పగిలిపోయింది. మామ దిగలేదు (ఎండలో నడిస్తే ఆయనకు ఆయాసం). ఆయన కూర్చునే ఉన్నాడు, నేను తోస్తూనే ఉన్నాను. డోన్ చేరేసరికి రైలు వెళ్లిపోయింది, పని ఇంకెవరికో పోయింది. ఇంటికొచ్చి మామ తీరిగ్గా కాళ్లు కడుక్కుని, "వీనికి సైకిలు తొక్కేదే చేతగాలా, రైల్వే పని యాడ చేస్తాడు?" అన్నాడు. ఆ సాయంత్రం అత్త దిష్టి తీసింది. నాకు కాదు, ఆయనకే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

తర్వాత కర్నూలులో శెనక్కాయల మండీలో కుదిరాను. నెత్తి నెరిసేదాకా నా పని కాటా పక్కన నిలబడి ప్రతి మూట బరువూ నలుగురికీ వినపడేలా అరవడమే (దిష్టి తగిలి ఒక్క మూటకూ జ్వరం రాలేదు). ఇప్పుడు నా ఒళ్లూ మామ దారే పట్టింది. సైకిలు అంగడిలో అడక్కముందే నా బరువు పైకి చెప్పేస్తాను, పక్కన నా భార్య బుగ్గలు నొక్కుకుంటుంది. గాలి గట్టిగా కొట్టించుకుని కూరగాయలకు పోతుంటే నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. ట్యూబు ఒక్కసారీ పగల్లేదు. అందుకోవలసిన రైలు మాత్రం ఒక్కటీ లేదు.