నాలుగు ఆకులు

పదకొండేళ్లు నాలుగు కాగితాలు మోశాను. బరువెంత? ఏమీ లేదు. అయినా ఇంట్లో వాటిని దాచని చోటంటూ లేకపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు ఇంగ్లిషు నేర్పిన గురువు లేడు. నిజామాబాద్ గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు ఎక్కువే. అక్కడ మంచి వ్యాకరణ పుస్తకం ఒక్కటే, ఇంటికివ్వరు. గంటకొకరం వంతులేసుకుని చదివేవాళ్లం. నా తర్వాత వంతు లక్ష్మణ్‌ది. బోధన్ దగ్గరి చెరుకు రైతు కొడుకు. రోజూ పొద్దున బస్సుకు వచ్చేవాడు.

ఒక ప్రైవేటు బడిలో ఒక్క టీచరు ఉద్యోగం పడితే ఇద్దరం దరఖాస్తు పెట్టాం. పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. ఇద్దరికీ ఇచ్చింది ఒకటే పాఠం: జరగబోయే సంగతిని ఇంగ్లిషులో ఎప్పుడు ఏ క్రియారూపంతో చెప్పాలన్నది. ఆ పాఠమున్న నాలుగు ఆకులూ బ్లేడుతో కోసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

లక్ష్మణ్ పుస్తకం తిరగేశాడు.

“అన్నా, గీ పేజీలు ఏడ వోయినయే?”

“ఎవడో కోస్కపోయిండు. గసొంటోళ్లు ఉంటరు తమ్మీ.”

“వాని నోట్ల మన్నువడ! రేపటి ముచ్చట సదువుదామంటె రేపే లేకుంట జేసిండు,” అని నవ్వాడు.

మర్నాడు రెండు నోటుపుస్తకాలతో వచ్చాడు. ఊళ్లో రిటైరైన సారు దగ్గర కూర్చుని ఆ పాఠమంతా రాసుకున్నాడట. రెండోది నాకిచ్చాడు. “నువ్వు సుత ఆగమైతవని రాసిన, అన్నా.”

తీసుకున్నాను. ఆకులు అప్పుడూ జేబులోనే ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు?

ఉద్యోగం నాకొచ్చింది. లక్ష్మణ్ చెరుకు తోటకు వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు అనుకున్నదానికి ఒక రూపమని, ముందే మనసులో పెట్టుకున్నదానికి ఇంకొకటని ఏటా పిల్లలకు చెబుతూ, నాది మాత్రం ఆ క్షణంలో జరిగిపోయిన తప్పని నన్ను నేను నమ్మించుకున్నాను. మరి బ్లేడు? దాన్ని ఇంటి నుంచే తీసుకెళ్లాను కదా.

మొన్న ఆకులు పట్టుకెళ్లి, నేనే కోశానని గ్రంథాలయంలో మేడమ్‌కు చెప్పి, మైదా జిగురుతో అతికించాను. ఆమె నా ముఖం చూడలేదు. “ఆరినంక మూయుండ్రి,” అంది.

బయటికొచ్చి లక్ష్మణ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. “పదకొండేండ్లా?” అన్నాడు. పెట్టేశాడు. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు లేదు కూడా.

అయినా గుండె తేలికపడింది. రేపు తరగతిలో ఆ పాఠమే. అతను రాసిచ్చిన నోటుపుస్తకం బల్ల మీద పెట్టి, అది ఎవరి చేతిరాతో చెప్పి మొదలుపెడతాను.