విప్పి చెప్పిన తర్వాతే సిరా

టీచరమ్మ పోయారని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను తిరుపతిలో మా హాస్టల్ టిఫిన్ వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. "పాపా, అమ్మీ పోయింది. తెల్లారి నమాజుకు లేపుదామని పోయినా. లేయలేదు. మజ్జాన్నం తీసకపోతారు, దొరికిన బస్సు ఎక్కి వచ్చేయ్" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఇంటినిండా మనుషులు చేరినప్పుడు ఒంటిచేత్తో పనులు చూసుకునే మనిషి గొంతు అది. పళ్ళెం కడిగి పెట్టేసి బస్టాండుకు నడిచాను. దారిపొడుగునా ఒకటే అనుకున్నాను: ఈమె ఎవరని ఎవరైనా అడిగితే నేను విప్పి చెప్పగలగాలి. తెలిసినదాన్ని విప్పి చెప్పాలన్నది ఆమె పెట్టిన నియమమే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా ఇంటి యజమానురాలు. చిత్తూరులో ఆమె ఇంటి మేడ మీద మేము అద్దెకు ఉంటాం. రిటైరయ్యేదాకా ఆమె హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఒకసారి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు "మీరు తెలుగు చెప్తారా?" అని ఆశ్చర్యపోయాడట. దానికి ఆమె ఇచ్చిన జవాబు మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు. "తెలుగు నాకు అమ్మ కాదు సార్, అత్తగారు. తప్పు చేస్తే అమ్మ సర్దుకుంటాది. అత్తగారి దగ్గర ఒక్క దీర్ఘం కూడా జారకూడదు."

రిటైరయ్యాక ఆమె పని గళ్ళ పజిళ్ళు. నింపేవారు, కట్టేవారు కూడా. ఒక చిన్న మాసపత్రికకు నెలనెలా ఒకటి కట్టి పంపేవారు. ఉన్నమాట ఉన్నట్టు అడిగే పజిళ్ళు కావవి. ఆధారం చదివితే ఏదో చిన్న కథలా ఉంటుంది. ఆ కథను నమ్మితే దారి తప్పినట్టే. అక్షరాలు ఎక్కడ తిరగబడ్డాయో, ఏ మాట కడుపులో ఏ మాట దాగిందో పట్టుకోవాలి. ఆదివారం పొద్దున పేపరు రాగానే కింది వసారాలో ఆ పని మొదలయ్యేది. పక్క వీధి నుంచి రిటైరైన రైల్వే గార్డు గారు వచ్చేవారు. కోడలు వంటింట్లోనే ఉండేది. "అక్షరాలకు ఆకలి కాదు గదా, మనుషులకయితాది" అని ఆమె వాదం.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఆదివారం కొళాయి వచ్చిందని బిందెతో కిందికి దిగాను. టీచరమ్మ తాను కట్టిన ఆధారం ఒకటి గార్డు గారికి చదువుతున్నారు. "పాల మధ్యలో కాకి ఒక్కసారి అరిస్తే రైళ్ళు ఆగుతాయి. మూడక్షరాలు."

"పాకాల" అన్నాను నేను, బిందె దించకుండానే.

ఆమె కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఎట్లా?"

"జంక్షను గదా టీచరమ్మా. రైళ్ళన్నీ ఆగుతాయి."

"కాట్పాడిలో ఆగవా? గూడూరులో? అవీ మూడక్షరాలే. రాసేద్దామా?"

నేను బిందె చంక మార్చుకున్నాను. "పో, నీళ్ళు పట్టుకో. విప్పి చెప్పేది వచ్చినప్పుడు రా" అన్నారు. కొళాయి కింద బిందె పెట్టి పాల, కాకి, పాల, కాకి అనుకుంటూ నిలబడ్డాను. కాకి ఒక్కసారి అరిస్తే 'కా'. అది 'పాల' అన్న మాట మధ్యలో దూరితే 'పాకాల'. బిందె నిండి పొర్లుతోంది. కొళాయి కట్టేయకుండానే వసారాలోకి పరిగెత్తి చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు. "నాకు చెప్పొద్దు, నాకు తెలుసు. గార్డు గారికి చెప్పు" అన్నారు.

అదే ఆ వసారా పద్ధతి. జవాబు తట్టినవాళ్ళు తట్టనివాళ్ళకు విప్పి చెప్పాలి. విన్నవాళ్ళ తల దానంతటది ఊగాలి. అప్పుడే కలం మూత తీయాలి. పజిల్ కట్టేటప్పుడూ అంతే. ఆధారం ఎంత బాగా కుదిరినా, తెలియని మనిషికి విప్పి చెప్పి ఒప్పించకుండా ఆమె సిరాతో రాసేవారు కాదు. గార్డు గారు మంచి మనిషి, మొహమాటానికి ముందే తల ఊపేసేవారు. ఒకసారి "బడికి మోసింది తిరిగొచ్చి వడ్రంగి చేతిలో పడింది" అన్న ఆధారాన్ని నేను విప్పుతున్నాను. బడికి మోసేది పలక, అది తిరగబడితే కలప అని చెప్పబోతుంటే, సగంలోనే ఆయన తల ఊగింది.

"గార్డు గారూ, అది తల ఊపినట్టు లేదు, జెండా ఊపినట్టుండాది. అర్థమయ్యి ఊపినారా, బండి కదిలితే సాలని ఊపినారా?"

"బండి లేటయితాంది టీచరమ్మా" అన్నారాయన.

"లేటయినా పరవాలేదు, రాంగ్ లైన్లో పోకూడదు."

తొందరగా వచ్చిన జవాబును గుమ్మంలో కాసేపు నిలబెట్టి పేరు అడగమనేవారు. ఆధారం అబద్ధం చెప్పదు, వేలు పక్కకు చూపిస్తుందంతే అనేవారు. నేను కెమిస్ట్రీ విద్యార్థిని. అయినా ఆ వసారాలో కూర్చున్నప్పటి నుంచి బస్సుల మీది ఊళ్ళ పేర్లను కూడా వెనక నుంచి చదవడం అలవాటైంది. మాటల మీద ఇష్టం నాకు అక్కడే పుట్టింది. ఆ సంగతి చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

నిరుడు ఎండాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు మాట తిరిగొచ్చింది. వచ్చింది ఉర్దూ ఒక్కటే. తెలుగులో మనం అన్నది అర్థమయ్యేది, పేపరు మెల్లగా చదువుకోగలిగేవారు. కానీ తెలుగు మాట ఒక్కటీ నోటికి వచ్చేది కాదు. పుట్టు భాష ముందు రావడం మామూలేననీ, తర్వాత నేర్చుకున్నది రావచ్చు, రాకపోవచ్చు అనీ డాక్టరు చెప్పారు.

ఆమె కొడుకుకు బెల్లం మండీలో వ్యాపారం. తల్లి ప్రాణం దక్కిందని ఆయన సంతోషం. "ఇంట్లో అందరం ఉర్దూనే గదా. ఆకలైతే అడుగుతా ఉండాది, దప్పికైతే అడుగుతా ఉండాది. ఇంగా కష్టపెట్టొద్దండి" అని మా అందరికీ చెప్పాడు. ఆయన మాటలో తప్పు లేదు. టీచరమ్మ ఉర్దూలో కోడలితో ఏదో అన్నారు. కోడలు మా వైపు తిరిగి, "ఇల్లు మిగిలింది, బడి పోయింది అంటా ఉండాది అమ్మీ" అంది.

ఆ మాట విన్నాక మేము ఊరుకోలేకపోయాం. ఆమె తెలుగు ఆమెకు తిరిగి రావాలి. ఆదివారాలు మళ్ళీ మొదలుపెట్టాం. పెట్టి, చేయకూడనిదల్లా చేశాం. గార్డు గారు చిన్నపిల్లల బొమ్మల చార్టు కొనుక్కొచ్చి గోడకు తగిలించి ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టారు. నేను మొదటి అక్షరం అందించి, రెండోది అందించి, చివరికి మాటంతా చెప్పేసేదాన్ని. కోడలు మాకంటే వేగం. టీచరమ్మ నోట ఉర్దూ మాట రావడం ఆలస్యం, దాని తెలుగు ఆమె చెప్పేసేది. మా అందరికీ ప్రేమే. ఆమె తడుముకుంటుంటే చూడలేక మాట తెచ్చి నోట్లో పెట్టేవాళ్ళం. టీచరమ్మ రానురాను మొహం తిప్పుకునేవారు. ఒక ఆదివారం ఎడమచేత్తో చార్టును గోడ నుంచి లాగి కింద పడేశారు.

గార్డు గారు చార్టు చుట్టి చంకలో పెట్టుకున్నారు. "ఇంగ మనం ఇబ్బంది పెట్టకూడదేమో" అన్నారు మెల్లగా. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడే చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న కోడలు తల ఎత్తింది.

"ఆగండి సార్. మనం చేస్తా ఉండేది తప్పు. అందరం జవాబులు చెప్పేస్తా ఉండాము. నేను ఈ ఇంటికొచ్చినప్పట్నించీ వంటింట్లోనించి వింటానే ఉండా. ఈమె ఎవురికన్నా జవాబు చెప్పిందా? చెప్పించుకుందా?"

గార్డు గారు గుమ్మంలోనే ఆగారు. కోడలు చాట పక్కన పెట్టి, అత్తగారి ఎదురుగా కూర్చుంది. కాసేపు ఆలోచించి, పజిళ్ళ మొహం ఎప్పుడూ చూడని మనిషి, తెలుగులో అంది: "తలెక్కి తిరుగుతాది. పండ్లుంటాయి, కరవదు. సెప్పు అమ్మీ."

అని తన నోటికి తానే కొంగు అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ ఆమెనే చూస్తున్నారు. పెదవి కదిలింది, ఆగింది. నేను అరచేతుల్లో గోళ్ళు గుచ్చుకుని కూర్చున్నాను, 'దు' అనకుండా ఉండటానికి. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది కూడా.

"దువ్... దువ్వెన" అన్నారు టీచరమ్మ.

కోడలు కొంగు తీసి ఏదో అనబోతే టీచరమ్మ ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. ఇంకా ఏదో ఉంది, వస్తోంది. మేము ఆగాం.

"పా...తది" అన్నారు.

గార్డు గారు గుమ్మంలో నిలబడి నవ్వారు. తిరిగొచ్చిన రెండో తెలుగు మాట విమర్శ. పాత పొడుపుకథ తెచ్చి తన వసారాలో ఆధారమని చెలామణి చేయడమేమిటని ఆమె బాధ.

"పాతదైతేనేం, పనిజేసింది గదా" అని కోడలు చాట అందుకుంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో జవాబు చెప్పడం నిషేధం. ఆమె ఒక మాట దగ్గర ఆగితే మాట ఇచ్చేవాళ్ళం కాదు, ఆధారం ఇచ్చేవాళ్ళం. శనివారం తిరుపతి నుంచి రైల్లో వస్తూ నేను దారంతా ఆధారాలు కట్టుకునేదాన్ని. వసారాలో కనిపించే ప్రతి వస్తువుకూ ఒకటి. "పొద్దున గడపలో పుట్టి, సాయంత్రానికి కాళ్ళ కింద చెరిగిపోయేది" అని అడిగితే, "ముగ్గు" అన్నారు. కాసేపాగి, "మీది" అన్నారు. గుమ్మం ఇద్దరిదీ, ముగ్గు మేడ మీది వాళ్ళది. అలా ఒక మాట వస్తే దాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చేది. రాని రోజులూ ఉన్నాయి. పొద్దున వచ్చిన మాట మధ్యాహ్నానికి పోయేది. ఆ రోజు ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంటే, మేము పేపరు మడిచి పెట్టి కోడలు చేసిన ఉప్మా తిని లేచిపోయేవాళ్ళం. వచ్చే వారం కొత్త ఆధారంతో మొదలుపెట్టేవాళ్ళం. ఇదివరకు తోవ కనుక్కున్న మనిషికి మళ్ళీ కనిపిస్తుందని నాకు ఒక్కసారీ సందేహం కలగలేదు.

ఇంకొకరికి మాట అందించడం తేలిక, మాట దాకా తోవ వేయడం కష్టం. కెమిస్ట్రీ చదివే నేను ఆ రెండో పనిని కూడా విడిచిపెట్టదలచుకోలేదు. ఆమె పోయాక, ఆమె పంపుతూ వచ్చిన మాసపత్రికకు ఇకపై పజిల్ నేను కడతానని రాశాను. పత్రికవాళ్ళు పంపమన్నారు.

ఆమెతో చివరిసారి వసారాలో కూర్చుంది ఆమె పోవడానికి ముందటి ఆదివారం. పక్షవాతం తర్వాత మొదటి పజిల్ కడుతున్నారు. గళ్ళు నేను గీసి ఇచ్చాను, మాటలన్నీ ఆమె అమర్చారు. అన్నింటికీ ఆధారాలు కుదిరాయి, 'పడక' అన్న మాటకు తప్ప. అంతలో కొడుకు లోపలి నుంచి ఒళ్ళు విరుచుకుంటూ వసారాలోకి వచ్చాడు. బెల్లం లోడుతో వెళ్ళి ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చాడు. తల్లిని ఉర్దూలో ఏదో పలకరించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, తెలుగులో అడిగారు.

"నిన్న... యాడికి పోయినావు?"

ఆయన మా వైపు చూసి, తెలుగులోకి మారాడు. "కడపకి."

"తిరిగొచ్చి... ఏం జేసినావు?"

"పండుకున్నా. ఏం, తప్పా?"

టీచరమ్మ కళ్ళు మెరిశాయి. "కూసో" అన్నారు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "కడప నుంచి తిరిగొచ్చి వాలేచోటు. మూడక్షరాలు" అన్నారు, ఎక్కడా ఆగకుండా.

"నాకు ఇట్లాంటివి తెలీవు అమ్మీ."

"తెలీదు గాబట్టే నీకు చెప్తా ఉండా." ఊపిరి తీసుకున్నారు. "కడప అక్షరాలు... వెనక నుంచి చదువు. పడక. మనిషి అలిసొచ్చి వాలేది యాడ? పడక మీద. అంతే."

కొడుకు అరచేతి మీద వేలితో రాసుకుని చూశాడు. తల ఊపబోయి ఆగాడు. "ఇంగోసారి సెప్పు" అన్నాడు. విసుక్కోలేదు. తల్లి నోట తెలుగు ఇంకోసారి వినాలని అడిగినట్టుంది. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పారు, ఈసారి ఇంకా నింపాదిగా. ఆయన తల మెల్లగా ఊగింది.

ఆమె మా ఎవరి వైపూ చూడలేదు. కలం మూత పళ్ళతో లాగి, ఒళ్ళో పలక మీద కాగితం సర్దుకుని, ఎడమచేత్తో ఆ ఆధారం రాయడం మొదలుపెట్టారు. అక్షరాలు ఒక్కొక్కటీ గీత దాటి పైకి ఎక్కుతూ కాగితం అంచు దాకా వెళ్ళాయి. చుక్క పెట్టి, కాగితం మొహం దగ్గరికి ఎత్తి పట్టుకుని, సిరా ఆరేదాకా మెల్లగా ఊదుతూ కూర్చున్నారు.