గిన్నె మీద అత్తగారి పేరు

ఫ్యాక్టరీ టూల్‌రూమ్ ఉద్యోగం వదిలిన తరువాత, కార్ఖానా ప్రాంతంలో అద్దెకు తీసుకున్న షట్టరు గదిలో పాత లోహపు సామాన్లతో వాద్యాలు చేసేవాణ్ణి. అవి మోగవు, చూడడానికే. కుళాయిలతో సన్నాయి, జల్లెడతో కంజీర. రెండు కుక్కర్ల అడుగులు కలిపితే మృదంగం. నగరంలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వరసగా లేస్తున్న కాలమది. వాటిలో ఒకటి తన ముందు హాలుకు వీణ కావాలంది.

దండికి నీళ్ల పైపు, మెట్లకు హాక్సా బ్లేడ్లు, తీగలు బిగించే బిరడాలకు గరిటెలు సరిపోయాయి. కుండ మాత్రం కుదరలేదు. రెజిమెంటల్ బజారులో దొరికిన గిన్నెలన్నీ అడుగు చదునైనవే. కావలసిన గుండ్రటి అడుగు మా ఇంట్లోనే ఉంది: మా కాపురానికని అత్తగారు విజయనగరం నుంచి తెచ్చిన స్టీలు గిన్నె. అంచు చీలి అటక ఎక్కింది. ఆవిడ పోయాక నా భార్య దగ్గర మిగిలిన ఆవిడ వస్తువు అదొక్కటే. దాని పక్కభాగం మీద, దుకాణంలో చుక్కచుక్కగా చెక్కించిన ఆవిడ పేరు.

"తీసుకోండి. అటక మీదుంటే ఏటి లాభం? పేరు మాత్రం పోకూడదు," అంది నా భార్య.

వెల్డింగు వేడికి చుక్కలు నల్లబడకుండా తడిగుడ్డ చుట్టి, కొద్దికొద్దిగా అతికాను. చీలిక వెనక్కి పోవాలంటే పేరు ముందుకు రాక తప్పలేదు.

చూడడానికి వచ్చిన ఆఫీసు మేనేజరు ఆ చుక్కలను వేలితో తడిమాడు.

"సార్, పీస్ జబర్దస్త్ ఉంది. గీ పేరేందీ? జెర బఫ్ కొట్టి తీసేయుండ్రి. మా హాల్ల ఎవరిదో పేరుంటే బాగుండదు."

వీణ చూడాలని ఆ రోజు నాతో వచ్చిన నా భార్య అందుకుంది.

"ఎవరిదో కాదు బాబూ, మా అమ్మది. అరువు తీసుకున్నోళ్లు పేరు చూసైనా గిన్నె తిరిగిస్తారని వేయించింది. మీరూ ఇచ్చేయండి."

"అయ్యో మేడమ్, నాకెట్ల తెలుస్తది? పోనీ, మీద మా లోగో స్టిక్కర్ అతికిద్దమా?"

"మా అమ్మ మీ ఆఫీసులో ఎప్పుడు చేరింది?"

అతను నవ్వి, నావైపు చూశాడు. బఫ్ పైపై మెరుగే, దానితో ఆ చుక్కలు పోవు. ముందు ఉపరితలాన్ని అరగదీయాలి. గిన్నె మందం అందుకు చాలుతుంది. పని సాధ్యమే. చేయనన్నాను.

ఆ ఆఫీసుకు కుళాయిల సన్నాయి వెళ్లింది. వీణ ఏ.ఎస్. రావు నగర్‌లోని మా వంటింటి గోడకు చేరింది. బిరడాలుగా పెట్టిన గరిటెలను వెల్డ్ చేయక మరలతో బిగించాను. చుట్టాలు ఎక్కువైన రోజు నా భార్య ఒకదాన్ని ఊడదీసి పప్పుచారు వడ్డించి, కడిగి, మళ్లీ బిగిస్తుంది.