మా తాత తుపాకీ... నేనన్న ఒక్క మాట

మా చిన్నప్పుడు... దసరా ముందురోజు మా తాత నడవలో గోనెపట్టా పరిచి నాగలి కర్రు, గొడ్డళ్ళు, కొడవళ్ళు వరసగా పెట్టేవారు. ఆఖరున గోడ మీంచి తుపాకీ దించేవారు. దానికి ఆముదం రాసి తుడవడం నా పని. గుడ్డముక్క చిన్నది, తుపాకీ నాకంటే పొడుగు...

రాజాం దగ్గర పల్లె మాది. తాతంటే మా నాన్నగారి నాన్న. ఆయన ముత్తాత, ఎవరో జమీందారు దగ్గర కాపలా కాసిన రోజుల నాటి తుపాకీ అది. గొట్టం మొదట్లో నిలువునా పెద్ద పగులు. మీట ఊడిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టేవి. దసరా వెళ్ళిపోతే మిగతా ఏడాదంతా మా మామ్మ దానికి ఉల్లిపాయల గుత్తులు వేలాడదీసేది.

మా క్లాసులో పైడమ్మ అనే పిల్ల ఉండేది. "మీ తాతది తుపాకీ కాదే... ఊదుగొట్టం. దాంతోటి మీ మామ్మ పొయ్యి ఊదుకుంతాది" అంది ఒకసారి. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాదు, పేలుతాది. మా తాత అడివిపందిని కొట్టినాడు. నాను సూసినాను" అన్నాను.

ఆ అబద్ధం అక్కడితో పోవలసింది...

ఆ ఏడాదే ఎన్నికలొచ్చాయి. ఊళ్ళో ఎవరి దగ్గర తుపాకులున్నాయో రాసుకోవడానికి పోలీసు హెడ్డుగారు వచ్చారు. మా గుమ్మం ముందు సగం వీధి పోగయింది. అందులో పైడమ్మ కూడా.

"లైసెన్సు ఉన్నాదా తాతా?" అని అడిగారు హెడ్డుగారు.

"దీనికేటి లైసెన్సు బాబూ? పేలదు, ఏటి లేదు. మా ముసల్ది ఉల్లిపాయలు కట్టుకుంతాది" అన్నారు తాత.

హెడ్డుగారు నవ్వేసి పుస్తకం మూయబోయారు. ఇంతలో పైడమ్మ ముందుకొచ్చి, "అది పేలుతాదట బాబూ. పందిని కొట్టినారట. ఈ గుంటే సెప్పింది" అంది.

హెడ్డుగారు నా వైపు తిరిగారు. "ఏటమ్మా, నిజమేనా? నువ్వు సూసినావా?"

"లేదండీ, ఊరికే అన్నాను" అంటే అయిపోయేది. కానీ పైడమ్మ నా మొహంలోకే చూస్తోంది...

"సూసినాను" అన్నాను.

"ఓలమ్మో! ఏటే ఆ మాట, అబద్దాలకోరు గుంటా!" అంటూ మామ్మ నా మీదికొచ్చింది. తాత చెయ్యి అడ్డం పెట్టారు. నన్నొకసారి చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"గుంటని ఏటీ అనకు. అది అబద్దమాడదు. ఒకపాలి పేల్సినాను బాబూ" అన్నారు.

హెడ్డుగారి మొహంలో నవ్వు పోయింది. గుత్తులు విప్పి గుమ్మంలో పడేసి, తుపాకీ తీసుకెళ్ళిపోయారు.

తర్వాత కేసు, వాయిదాలు. ఆరుసార్లు బస్సెక్కి కోర్టుకి వెళ్ళారు తాత. మాట మారిస్తే నేను అబద్ధమాడినట్టు ఊరందరికీ తెలిసిపోతుందని, చివరికి తప్పు ఒప్పేసుకున్నారు. వయసు చూసి జరిమానాతో పాటు, కోర్టు లేచేవరకు అక్కడే కూర్చునే శిక్ష వేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఒక పూట కూకున్నాను... అంతే కదే" అన్నారు మామ్మతో. నా దగ్గర మాత్రం ఆ ఊసెత్తలేదు. ఎప్పుడూ.

మరుసటి దసరాకి కొడవళ్ళన్నీ తుడిచేశాక ఆముదం గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "సాలమ్మా... సెయ్యి కడుక్కో" అన్నారు తాత.

మొన్న బీరువాలో కాగితాలు సర్దుతుంటే ఆ కోర్టు కాగితం దొరికింది. ఏ కాగితమైనా దేనికో తెలుసుకోకుండా దాచలేను నేను. తెలిసిన వకీలు గారికి చూపించి, తుపాకీ ఎలా ఉండేదో కూడా చెప్పాను.

"ఎంత పాతదైనా పేలేదైతే లైసెన్సు ఉండాల్సిందేనమ్మా. రిపేరు చేసినా పేలని పాత తుపాకీకి మాత్రం అక్కర్లేదు. మీరు చెప్పినట్టు ఉంటే, పరీక్షకి పంపమని ఒక్క మాట అడగాల్సింది. ఈయన ఎందుకు ఒప్పుకున్నారో అర్థం కావట్లేదు" అన్నారాయన.

నాకు అర్థమైంది. వకీలు గారితో చెప్పలేకపోయాను.

తాత పోయి ఇరవై ఏళ్ళు దాటింది. "నేను చూడలేదు తాతా" అని చెబుదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డొచ్చింది... పని కాదులెండి, సిగ్గు.

ఇప్పటి పిల్లలు ఎవరేం చెప్పినా ఫోన్లో చూసి నిజమో కాదో క్షణంలో తేల్చేస్తారు. ఆ రోజుల్లో మా తాత నా అబద్ధాన్ని నిజం చేయడానికి కోర్టులో ఒక పూట కూర్చున్నారు...

మీ కోసం అలా మాటపడ్డవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయడం తర్వాత... ముందు వాళ్ళకి చెప్పండి.