బలానికి వేసుకునేవి

మా ఆయనకి ముందు దాహం పట్టుకుంది. ఎండలు ముదురుతున్న రోజులు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. బెంగళూరు చల్లని ఊరన్న మాట ఎప్పుడో పాతబడిపోయింది కదా. చెంబు ఎత్తితే ఖాళీ అయ్యేదాకా దించేవాడు కాదు. తాగిన కాసేపటికే బాత్రూంకి పరుగు. నాకు ఏళ్ల తరబడి షుగరుంది, ఆయనకి లేదు. "నీ షుగరు నాకూ అంటించినావేమే," అని వేళాకోళం చేశాడు. తర్వాత ఆకలి పోయింది. కంచంలో రాగిముద్ద అంచులు గిల్లి వదిలేయడం మొదలుపెట్టాడు. అది చూశాక నాకు నవ్వు రాలేదు.

ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. హెబ్బగోడిలో మాకొక చిన్న ఇల్లుంది. కింద మేముంటాం, పైన మూడు గదులు ఫ్యాక్టరీ పనివాళ్లకి అద్దెకిచ్చాం. డెబ్బై దాటినా మేడ మీది నీళ్ల ట్యాంకు తనే దిగి కడిగేవాడు. నీళ్ల డబ్బా భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. ఎవరైనా వయసు అడిగితే ముందు వాళ్ల చేత ఊహించి చెప్పించుకుని, వాళ్లు తక్కువ చెబితే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు. మనిషికి అదొక పిచ్చి గర్వం. నాకు విసుగూ వచ్చేది, లోపల్లోపల ముచ్చటగానూ ఉండేది.

అంతకుముందు ఏడాది, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి ఫోన్లోనే ఏదో ప్యాకేజీ బుక్ చేసి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే మనిషిని పంపాడు. ఆయన రిపోర్టులో అన్నీ బాగున్నాయి, విటమిన్ డి ఒక్కటే తక్కువ. చెరువు గట్టు మీద ఆయనతో నడిచే పెద్దమనుషులు ఎవరి రిపోర్టు తీసినా డి తక్కువే. పొద్దున్నే వాళ్లు ఆ అంకెల్ని క్రికెట్ స్కోరులా చెప్పుకునేవాళ్లు. మా వీధి చివర క్లినిక్ డాక్టరు, పాలలో కలుపుకునే పొడి పొట్లాలు రాసిచ్చాడు. వారానికొకటి, రెండు నెలలు తాగి ఆపేయమన్నాడు.

రెండు నెలలు అయిపోయాయి, పొట్లాలు మాత్రం అయిపోలేదు. మందుల షాపులో చీటీ ఎవరడుగుతారు? పేరు చెబితే డబ్బా ఇస్తారు. దాని పక్కన మిగతావన్నీ వచ్చి చేరాయి. అబ్బాయి కాల్షియం మాత్రలు పంపాడు. కోడలు చేపనూనె గోలీలు తెచ్చింది. చెరువు గట్టు స్నేహితుల్లో ఒకాయన అశ్వగంధ ఇచ్చాడు, ఇంకొకాయన మల్టీవిటమిన్ పొడి డబ్బా ఇచ్చాడు. ఎవరు ప్రేమగా ఇచ్చినా వద్దనే నోరు కాదు ఆయనది. నేను మాత్రం ఒక్కటీ ముట్టలేదు. "ఇన్ని మందులు కడుపులో పడితే ఏమవుతుందో," అని సణిగితే ఒకటే జవాబు. "ఇవి మందులు కాదే. బలానికి." ఆ మాట అంటే ఇక ఎవరూ కాదనరు. మందంటే జబ్బున్నవాళ్లు వేసుకునేది, బలానికి వేసుకునేది అన్నంతో సమానం. మా ఇంట్లోనే కాదు, నాకు తెలిసిన ఇళ్లన్నింట్లో ఇదే లెక్క.

ఒకరోజు పొద్దున ట్యాంకు నింపాలని మోటారు దగ్గరికి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే స్విచ్ ముందు నిలబడి ఉన్నాడు, చెయ్యి ఎత్తి అలాగే ఉంచి. నన్ను చూసి మెల్లగా అడిగాడు.

"ఇది ఎట్లా వెయ్యాలబ్బా?"

బతుకంతా మిషన్లతో గడిపిన మనిషి. ఒక్క స్విచ్ అది. ఏమీ జరగనట్టు నేనే వేసి, "కాఫీ చల్లారిపోతుంది రండి," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వెంట వచ్చేశాడు. ఎప్పుడూ చెయ్యి పట్టుకోనిచ్చే మనిషి కాదు. అలా రావడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తర్వాత్తర్వాత మాటలు తగ్గిపోయాయి. కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను చనిపోయిన వాళ్ల అక్క పేరుతో పిలిచాడు. క్లినిక్ డాక్టరు ఒకసారి కళ్లలోకి లైటు వేసి చూసి, వయసండీ, పెద్దాసుపత్రిలో మెదడు డాక్టరుకి చూపించండి అన్నాడు. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే బీపీ మాత్ర ఒక్కటే అని చెప్పాను. మేం అబద్ధం చెప్పలేదు. మా లెక్కలో ఆ ఒక్కటే మందు.

ఆ ఆదివారం అబ్బాయి వచ్చాడు. జ్ఞాపకశక్తికని ఇంకో సీసా కొనుక్కొచ్చాడు. నాన్న చేతికిస్తే, అంత మగతలోనూ ఆయన అపురూపంగా అందుకుని వెంటనే రెండు మింగాడు. అబ్బాయి నా ఎదురుగా కూర్చుని, నాన్న పక్కనే ఉన్నాడన్న సంగతి మరిచి మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇది నార్మల్ మతిమరుపు కాదు. డాక్టర్ ఫ్రెండ్‌ని అడిగా. ఇంకా ఎక్కువవుతుందట. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ నెక్స్ట్ మంత్‌కి దొరికింది."

"సరే, చూపిద్దాం."

"చూపిద్దాం. కానీ ముందే ప్లాన్ చేసుకోవాలి కదా. సర్జాపుర రోడ్డులో ఒక హోమ్ చూసొచ్చా. ఇలాంటివాళ్లని చాలా బాగా చూసుకుంటారు. ఎప్పుడూ నర్సులుంటారు. నువ్వొక్కదానివే మేనేజ్ చేయలేవమ్మా."

ఇలాంటివాళ్లు! నేను ఒంటికాలి మీద లేచాను. వాణ్ణి తిట్టాను, వాడి ఫ్రెండునీ తిట్టాను, ఆ హోమ్ కట్టినవాణ్ణి కూడా వదల్లేదు. ఈ ఇంట్లోంచి ఆయన్ని ఎక్కడికీ పంపేది లేదన్నాను. ఇంకా చాలా అన్నాను, కోపంలో ఏమేం వాగానో నాకే గుర్తులేదు. వాడు తలొంచుకుని అన్నీ విన్నాడు. చివరికి, "నాన్నని చూసుకుంటూ నువ్వు కూడా పడిపోతే నేనేం చెయ్యాలమ్మా," అన్నాడు, కళ్ల నిండా నీళ్లతో. ఆయన మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో, ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకేం తెలియడం లేదని ఇద్దరం అనుకున్నాం.

ఆ వారంలోనే ఒక పొద్దున తాగిన పాలు తాగినట్టే కక్కుకుని మంచం మీద వాలిపోయాడు. పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. పై గదిలో అద్దెకుండే అతను అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి గేటు తీస్తున్నాడు. ఇద్దరం కలిసి ఆయన్ని ఆటోలోకి ఎక్కించాం. హోసూరు రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సులన్నీ ఆ వేళకే కదులుతాయి. ఆటో అంగుళం అంగుళం జరుగుతుంటే ఆయన తల నా ఒడిలో పెట్టుకుని, దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు, సెలైన్ పెట్టారు. అబ్బాయి వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చి చేరేసరికి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రిపోర్టు పట్టుకొచ్చింది. చిన్న వయసు పిల్ల, కన్నడంలో మాట్లాడింది. రక్తంలో కాల్షియం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువుందట. మతి తప్పడం, దాహం, వాంతులు అన్నీ దానివల్లే కావచ్చట. కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయంది. ఎందుకు పెరిగిందని అబ్బాయి అడిగితే, కారణాలు చాలా ఉంటాయి, క్యాన్సర్ కూడా ఒకటి, అన్నీ వెతకాలి అంది. ఆ మాట తర్వాత నాకు కాసేపు ఏమీ వినబడలేదు.

"ఆయన ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

"బీపీ మాత్ర ఒక్కటే," అన్నాను.

"ఇంకేమీ లేవా? బాగా గుర్తు చేసుకోండి."

"లేవమ్మా."

ఆమె వెళ్లబోయి ఆగింది. "మందులు కాదు, బలానికని ఏమైనా వేసుకుంటారా?"

అబ్బాయీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "వేసుకుంటారు. కానీ అవి ఉత్త విటమిన్లు కదా," అన్నాడు వాడు. ఇంటికి వెళ్లి ఉన్నవన్నీ పట్టుకురమ్మంది ఆమె. కూరగాయల సంచీలో వేసి తెచ్చాడు. సీసాలన్నీ పక్కకి నెట్టి, ఆమె పొడి పొట్లాల ఖాళీ డబ్బాలు చేతిలోకి తీసుకుంది. సంచీ అడుగున అవే ఎక్కువున్నాయి.

"ఇదు వారక్కె ఒందు అల్వా? వారానికి ఒకటే కదా ఇది?"

రోజూ పొద్దున పాలలో ఆయన కలుపుకునేది నా కళ్లముందే. నేను మల్టీవిటమిన్ పొడి అనుకున్నాను, అబ్బాయికి అసలు తెలియనే తెలియదు. వారానికొకటి తాగాల్సినది నెలల తరబడి రోజూ తాగాడు, దానిమీద కాల్షియం మాత్రలు. ఈ డి విటమినే రక్తంలో కాల్షియం పెంచేస్తుందని, ఎక్కువైతే ఒంటికి పనికిరాక బయటికి పోయే రకం కాదని, కొవ్వులో పేరుకుపోతుందని ఆమె చెప్పింది. ఆపినా దిగడానికి వారాలు పడుతుందంది. మతి తిరిగొస్తుందా అని అడిగాను. "రావచ్చు. కిడ్నీల సంగతి ఇప్పుడే చెప్పలేను," అంది. మాకు ఆ 'రావచ్చు' పట్టుకుని బతకడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలుసు. పొద్దున్నే రక్తం తీసుకెళ్లేవాళ్లు, కాల్షియం అంకె వచ్చేదాకా అబ్బాయీ నేనూ తలుపు వైపే చూస్తూ కూర్చునేవాళ్లం. అంకె కొంచెం దిగేది, మర్నాడు ఆగిపోయేది. ఆయన కళ్లు తెరిచేవాడు, నన్ను చూసేవాడు, ఆ చూపులో నేను ఉన్నానో లేనో తెలిసేది కాదు. క్యాన్సర్ ఏమీ కనబడలేదన్న రోజు కూడా సంతోషించే ధైర్యం రాలేదు నాకు. మనిషి బతికి, మనిషి లేకుండా ఇంటికి వస్తే? నా భయమంతా అదే.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి సాంబారన్నం చెంచాతో పెడుతుంటే రెండో ముద్దకి మొహం తిప్పుకున్నాడు.

"ఈ బెంగళూరోళ్లు సాంబార్లో బెల్లమెందుకేస్తారే," అన్నాడు.

చెంచా కింద పెట్టి, నర్సు చూస్తుందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. "నీకేమయ్యుండాది ఇప్పుడు?" అని నన్నే కసిరాడు. ఆ కసురు విని ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఆ సంచీ మొత్తం తీసేయమంది. ఆయన కిడ్నీలు పూర్తిగా మునుపటిలా ఉండవని, అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. అలా చెబుతూ నా కాళ్ల వైపు చూసింది. వార్డులోంచి నడిచొస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోయిందట, నాకు తెలియనే లేదు. అరికాళ్లు మొద్దుబారడం చాన్నాళ్లుగా ఉంది, వయసనుకున్నాను. నాక్కూడా రక్తపరీక్ష చేయించింది. బి పన్నెండు విటమిన్ బాగా తక్కువగా ఉంది, కాళ్ల మొద్దు దానివల్లేనట. నేను మాంసం, గుడ్డు మానేసి చాలా ఏళ్లయింది, దానికితోడు షుగరు మాత్ర కూడా దాన్ని తగ్గిస్తుందట. రోజూ ఒక మాత్ర వేసుకోమని రాసింది.

నాకు ఒళ్లు మండింది. "ఇవి మింగే కదమ్మా మా ఆయన ఇట్లయింది," అన్నాను. ఆమె విసుక్కోలేదు. "ఆయన అవసరం తీరాక కూడా తిన్నారు. మీకు అవసరం ఉంది. వయసైందని అందరికీ ఒకటే కాదమ్మా. పరీక్ష చేసి, లోటుంటే చెప్పినంత వేసుకోవాలి, లేకపోతే లేదు," అంది. సరేనని తలూపి, ఇంటికొచ్చి ఆ మాత్రల్ని బీరువా మీదికి విసిరేశాను.

కొన్నాళ్లకి ఆయన మెట్లెక్కకపోయినా వాకిట్లో నడవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగేశాను. వారానికొకటని డాక్టరు చెప్పింది మర్చిపోయారా?

"మర్చిపోలేదు. తెలుసు," అన్నాడు.

నా చేతిలో పని ఆగిపోయింది.

"మా అన్నని చూసినా గదా. రెండేళ్లు మంచంలోనే ఉండె. తిప్పి పడుకోబెట్టేదానికి కూడా ఇద్దరు కావాల్సొచ్చె. నాకట్లా అయితే నన్ను ఎత్తేదెవరు? నీ నడుములో బలం లేదు. వారానికొకటి ఈ వయసుకి యాడ సాలుతాదిలే అనుకుంటిని." ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాడు. "ఆ పొద్దు మీరిద్దరూ మాట్లాడుకున్నది నాకు వినబడింది. నోట్లోంచి మాటే రాలేదు గానీ, అంతా వినబడింది."

నేను తలెత్తలేకపోయాను. కొడుకు మీద కోపం పెట్టుకోవద్దన్నాను. వాడి మీద నాకేం కోపం లేదన్నాడు.

"నువ్వేమన్నావో గుర్తుండాదా?"

లేదన్నాను.

"ఆయన కన్నా ఒక్కరోజు ఎక్కువ బతికితే సాలు నాకు, ఎవురి చేతుల్లోనూ పెట్టను అంటివి." లేచి లోపలికి వెళ్లాడు. బీరువా దగ్గర స్టూలు లాగి ఎక్కిన చప్పుడైంది. దిగాక, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఆ మాత్రలు తెచ్చి ఒకటి విప్పి నా ముందు పెట్టాడు. "ఆసుపత్రిలో ఉన్నన్ని దినాలూ ఆ మాటే పట్టుకోని ఉంటిని. ఇప్పుడు నువ్వు ఇది వేసుకోకుండా పడితే నా గతేంది?"

నా కాళ్ల గురించి ఆయన అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. ఆ మాత్ర తీసుకుని, నీళ్లు కూడా లేకుండా మింగాను.