పాలిచ్చే తల్లికి ఉపవాసమా?

తల్లి గర్భంలో మనలను రూపించి, మనం నోరు తెరవకముందే మన ఆకలి ఎరిగిన దేవునికి స్తోత్రం.

2003 జూలైలో మేడ్చల్‌లోని మా సంఘం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. రెండో రోజు, శనివారం, నేను షామీర్‌పేట దారిలోని ఒక పల్లెకు బయలుదేరాను. అక్కడ మా సంఘపు చెల్లి సుగుణకు రెండు నెలల పాప. తక్కువ బరువుతో పుట్టింది. ఆఫ్రికా పల్లెల్లో తల్లుల మధ్య సేవ చేసి వచ్చిన నర్సమ్మ ఒకరు మా స్త్రీల సమాజానికి తల్లుల బలానికి జావ పిండి చేయడం నేర్పారు. రాగులు, పల్లీలు, పెసలు వేయించి మర పట్టించి వారం వారం సుగుణకు తీసుకెళ్లేదాన్ని.

ఎనిమిదింటికి మా ఇంటి దగ్గరి సుచిత్ర చౌరస్తాలో ఇడ్లీ తిని బస్సెక్కాను. తొమ్మిదికి మేడ్చల్. తొమ్మిదీ నలభైకి షామీర్‌పేట బస్సని బోర్డు మీద రాసి ఉంది. పదకొండైనా రాలేదు. అటు వెళ్లేవారు ఆ బోర్డును నమ్మవద్దు.

"బస్సు కోసం సూస్తే పొద్దు గూకుతది. ఆటో ఎక్కుదాం పా అక్కా" అంది పక్కన కూరగాయల గంపతో ఉన్నామె. ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండు మందిమి కూర్చున్నాం.

పన్నెండింటికి ఇల్లు చేరాను. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సుగుణ గోడకు ఆనుకుని నీరసంగా ఉంది. మా సంఘానికి రాని ఆమె అత్త గుమ్మంలోనే నన్ను పట్టుకుంది.

"వచ్చినవా అమ్మా! నిన్నటి సంది గీమె మెతుకు ముట్టలే. పాలు రాక పిల్ల పరేషాన్ అయితాంది. గిదేం భక్తి?"

నాకు ఒళ్లు మండింది. "పాలిచ్చే తల్లివి, నీకు ఉపవాసమేమిటి సుగుణా?"

"మీరే జెప్పిన్రు గదక్కా, ఒక్కరు గూడ తప్పొద్దని. బిడ్డ బరువు పెరగాలనే ఉంటున్న. నడుమ ఇడిస్తే బిడ్డకేమన్న అయితదేమో."

నిజమే, ఆదివారం ఆ ప్రకటన చేసింది నేనే. గర్భిణులు, బాలింతలు వద్దనాలన్న ఆలోచనే రాలేదు. కృప గురించి నేనొక వాక్యం చెబితే, విశ్వాసం గురించి ఆమె రెండు చెప్పింది. రెండూ నేను నేర్పినవే! అరగంటకు పాప గొంతు బొంగురుపోయింది.

అత్త నా వైపు తిరిగింది. "మరి నువ్వు తిన్నవా?"

"నాకు షుగరుంది. పొద్దున ఇడ్లీ తిన్నాను."

"ఇన్నవా పోరీ? ఆమె షుగరుకు మాఫీ ఉన్నదట. నీ పిల్ల కడుపుకే లేదట!"

సుగుణ నా ముఖంలోకి చూసింది. "ఒక్కరూ తప్పొద్దన్న మాట దేవుడు చెప్పలేదమ్మా. నేను చెప్పాను, ఆలోచించకుండా చెప్పాను" అన్నాను.

సుగుణ నేను తెచ్చిన పిండి సంచిని అత్త వైపు జరిపింది. "అత్తా, జావ గాయి" అంది. రెండు గిన్నెలు తాగి, అన్నం తిని, పాపను ఒళ్లోకి తీసుకుంది. మూడింటికి నేను లేచేసరికి పాలు కొద్దికొద్దిగా దిగుతున్నాయి.

తిరుగు ప్రయాణంలో, మేడ్చల్‌లో సిటీ బస్సు కదిలాక, సంఘంలో ఇంకా ఇద్దరు గర్భిణులు, ఒక బాలింత ఉన్నారని గుర్తొచ్చింది. కండక్టరు చేత తిట్లు తిని దిగాను. దేవుని పేరిట మనం ఎంత తొందరగా నోరు జారుతాం! ముగ్గురి ఇళ్లకూ నడుస్తూ ప్రార్థించాను. చదువుతున్న మీరూ ఆ తల్లుల కోసం, వారి బిడ్డల కోసం నాతో కలిసి ప్రార్థించండి. మీలో పాలిచ్చే తల్లి ఎవరైనా ఉంటే, ముందు అన్నం తిని తర్వాత మోకరించండి.