వంటగట్టు ఎత్తు

మా వంటగట్టు అంత కిందికి ఉండటానికి మా అమ్మే కారణమని పదకొండేళ్ల పాటు మా ఆవిడ నమ్మింది. నమ్మించింది నేను. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకునేటప్పుడు వంటింటి కిటికీ ఎంత ఎత్తులో పెట్టాలో నేనే చెప్పాను. కొలత తప్పు చెప్పాను. గట్టు మీదికి నల్లబండ జమ్మలమడుగు నుంచి దిగిన రోజు ఆ సంగతి బయటపడింది. గట్టు సరైన ఎత్తుకు లేపితే బండ కిటికీకి అడ్డం వస్తుంది. అప్పటికే గోడకు పూత కూడా అయిపోయింది.

"ఏమప్పా, ఇంటామె పొడుగు మనిషి గదా. కిటికీ పీకి, గట్టు ఇంకో రెండు వరసలు లేపుదామా?" అని గట్టు కడుతున్న బేల్దారి అడిగాడు.

ఇటుకల మీద కూర్చున్న అమ్మ, "లేపు నాయనా. వంగి వంగి దాని నడుము పోతాది," అంది.

"నా కొలత నాకు తెలుసు. బండ వేసెయ్యి," అన్నాను. పనివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

మా ఆవిడ అప్పుడు పులివెందులలో పుట్టింట్లో ఉంది. వచ్చి గట్టు ముందు నిలబడి, "ఇదేంది, నా తొడల కాడికే ఉండాది?" అంది.

"అమ్మకు అందొద్దా? ఆమే పట్టుబట్టింది," అన్నాను. అమ్మ పొట్టి మనిషి. అబద్ధం చక్కగా అతికింది.

మా ఆవిడకు నడుము నొప్పి మొదలయ్యాక మాటలు కూడా మొదలయ్యాయి. "నీకు అందింది గదత్తా, నా నడుము ఏమైపోతే ఏం," అనేది కూరగాయలు తరుగుతూ. అమ్మ నా వైపు ఒకసారి చూసి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉండేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

మొన్న వేసవిలో అన్నం గిన్నె దించుతుండగా మా ఆవిడకు నడుము పట్టేసింది. ఫిజియోథెరపీ చేసే ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మా ఆవిడను నిలబెట్టి మోచెయ్యి మడవమంది.

"గట్టు దీనికి అర జానెడు కిందికి ఉండాల. మీది యాడుంది?"

మా ఆవిడ తొడ మీద చెయ్యి పెట్టి చూపింది.

"ఇంక మాత్రలు మింగి ఏం లాభం తల్లీ? పూటపూటకూ వంగి నిలబడతాండావు. బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచు, నడుము కాదు. బియ్యం డబ్బా నేల మీద పెట్టొద్దు. ముందు ఆ గట్టు లేపించు."

"మా అత్త ఒప్పుకోవల్ల గదమ్మా," అంది మా ఆవిడ.

ఆ మాటతో ఇంక దాచలేకపోయాను. ఇంటికి రాగానే అమ్మ ముందే జరిగినదంతా చెప్పాను. మా ఆవిడ అమ్మ వైపు తిరిగింది.

"అత్తా, ఇన్నేండ్లు అన్నేసి మాటలంటే ఎందుకు పడినావు?"

"చెప్తే నువ్వు కొట్లాడి పులివెందులకు పోతావు. వీడు కిటికీ పీకడు. నాకు అన్నం వండేదెవరు?"

"నవ్వించొద్దత్తా, నడుము పట్టుకుంటాంది!"

నాతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ బేల్దారినే పిలిపించి కిటికీ పీకించాను. బండ రెండు వరసలు లేచింది. నొప్పి పూర్తిగా పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. తగ్గింది. పొద్దున లేచి పక్క మడిచేటప్పుడు ఇప్పుడు మూలగడం లేదు.

పొద్దునే తన టీ తానే కాచుకునే అమ్మకు మాత్రం గట్టు అందడం లేదు. లేపమన్న రోజునే ఆమెకు అది తెలుసు. ఎక్కి నిలబడటానికి వెడల్పాటి పీట ఒకటి చేయిస్తానన్నాను.

"అమ్మీ, పీట పని వీనికి చెప్పొద్దు. మళ్లా కొలత తప్పుతాడు," అంది అమ్మ.

మా ఆవిడ అప్పటికే దారం తెచ్చి, మోకాళ్లు వంచి కూర్చుని, అమ్మ కాళ్ల దగ్గర కొలత తీస్తోంది.